క్రీడలు - విద్యార్థి నాయకత్వం: విజ్జీ నుంచి రహీం దాకా ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

క్రీడలు విద్యార్థిలో నాయకత్వ లక్షణాలను పెంపొందిస్తాయన్నది విద్యారంగంలో తరచుగా వినిపించే మాట. ఆ మాటకు ఒక చరిత్ర ఉంది. పంతొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల ఉన్నతవర్గ పాఠశాలల్లో రూపుదిద్దుకొని, వలసపాలన ద్వారా భారతదేశానికి చేరిన ఈ భావన తెలుగునేలతో ముడిపడిన అనుభవాలలో రెండు భిన్నరూపాలు పొందింది. ఒకటి నాయకత్వాన్ని పుట్టుకతో దక్కే హోదాగా చూస్తుంది. రెండోది దానిని అభ్యాసంతో అబ్బే గుణంగా చూస్తుంది. విజయనగరం మహారాజకుమార్, సి.కె.నాయుడు, సయ్యద్ అబ్దుల్ రహీంల జీవితఘట్టాల ఆధారంగా ఈ రెండింటినీ పోల్చడం ఈ వ్యాసం లక్ష్యం. ఆట తనంతట తానుగా నాయకులను తయారుచేయదని, నిర్ణయాధికారం, బాధ్యత అందరికీ అందేలా ఆటను నడిపినప్పుడే అది సాధ్యమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: క్రీడాచరిత్ర, వ్యాయామవిద్య, నాయకత్వం, హైదరాబాద్ ఫుట్‌బాల్, సయ్యద్ అబ్దుల్ రహీం, విజయనగరం, పాఠశాల విద్య.

1. ఉపోద్ఘాతం

పాఠశాల వార్షికోత్సవాల్లో, కళాశాల క్రీడాదినోత్సవాల్లో వక్తలు తప్పక చెప్పే మాట ఒకటుంది: ఆటలు ఆడే విద్యార్థికి క్రమశిక్షణ, సహనం, నాయకత్వం వాటంతట అవే అలవడతాయి. ఈ మాటను ఎవరూ కాదనరు. కానీ అదే పాఠశాలలో పరీక్షలు దగ్గర పడగానే ఆటల పీరియడు గణితానికో, సామాన్యశాస్త్రానికో వెళ్లిపోతుంది. వేదికపై అంగీకరించిన విలువ కాలపట్టికలో ఎందుకు నిలవదు? ఆ విలువను నమ్మినవారు దానిని ఎలా సాధించాలో స్పష్టంగా చెప్పకపోవడం ఇందుకు ఒక కారణం. ఆట నుంచి నాయకత్వం ఎలా పుడుతుంది, ఎవరిలో పుడుతుంది, ఏ పరిస్థితుల్లో పుట్టదు అన్న ప్రశ్నలకు సమాధానం వెదకాలంటే ఈ భావన నడిచివచ్చిన దారిని పరిశీలించాలి.

2. భావన పుట్టుక

ఆటస్థలమే శీలనిర్మాణశాల అన్న ఆలోచన ఆంగ్లదేశంలోని ఉన్నతవర్గ పాఠశాలల్లో బలపడింది. రగ్బీ పాఠశాలకు 1828 నుంచి 1842 దాకా ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసిన థామస్ ఆర్నాల్డ్ పేరు ఈ సందర్భంలో తరచుగా వినిపిస్తుంది. నిజానికి ఆర్నాల్డ్ దృష్టి మతనైతిక విద్యపైనే తప్ప ఆటలపై పెద్దగా లేదు. ఆ పాఠశాల పూర్వవిద్యార్థి థామస్ హ్యూస్ 1857లో వెలువరించిన 'టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్' నవల, ఆ తరువాతి తరం ఉపాధ్యాయులు కలిసి ఆర్నాల్డ్‌ను క్రీడావిద్యకు ఆద్యుడిగా నిలబెట్టారు. ప్రసిద్ధ పాఠశాలల తీరును పరిశీలించిన క్లారెండన్ కమిషన్ 1864 నాటి నివేదికలో క్రికెట్, ఫుట్‌బాల్ మైదానాలు సాంఘిక గుణాలను నేర్పే స్థలాలని ప్రశంసించింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ పాఠశాలల్లో చదివేవారు అప్పటికే పాలకవర్గానికి చెందినవారు. వారు నాయకులవుతారన్నది ముందే నిర్ణయమైపోయింది. ఆట వారికి నాయకత్వాన్ని కల్పించలేదు; పుట్టుకతో దక్కిన స్థానానికి నైతిక సమర్థనను అందించింది. ఆటలు నాయకులను తయారుచేస్తాయన్న సూత్రం తొలిరూపంలోనే ఈ తర్కదోషం ఉంది. నాయకులు కాబోయేవారితోనే ఆటలాడించి, తరువాత వారి నాయకత్వానికి ఆటనే కారణంగా చూపారు.

3. భారతదేశానికి వచ్చిన రెండు దారులు

ఈ భావన భారతదేశంలోకి రెండు దారుల్లో ప్రవేశించింది. మొదటిది సంస్థానాధీశుల, జమీందారుల బిడ్డల కోసం ఏర్పడిన కళాశాలల దారి. 1875లో అజ్మీరులో స్థాపితమైన మేయో కళాశాల వీటిలో ప్రసిద్ధమైనది. ఆంగ్ల పాఠశాలల నమూనాలోనే ఇక్కడ క్రికెట్, గుర్రపుస్వారీ, పోలో విద్యలో భాగమయ్యాయి.

రెండోది సామాన్య విద్యార్థుల దారి. ఇక్కడ ఆటకంటే ముందు డ్రిల్లు వచ్చింది. ఉపాధ్యాయుడు ఆజ్ఞాపిస్తాడు, విద్యార్థులందరూ ఒకేసారి చేతులెత్తుతారు, ఒకేసారి దించుతారు. తెలుగు పలుకుబడిలో 'డ్రిల్లు మాస్టారు' అన్న మాట స్థిరపడిపోవడానికి ఈ పద్ధతే మూలం. వీరఘట్టంలో పుట్టి, మద్రాసులోని సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసిన కోడి రామమూర్తినాయుడు ఈ వృత్తి నుంచి వచ్చినవారే. ఆయన కీర్తి సర్కసు ద్వారా దేశమంతటా వ్యాపించింది గాని, ఆయన తొలి ఉద్యోగం బడిలోనే. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామవిద్యా శిక్షణ సంస్థను స్థాపించిన తరువాత దక్షిణాదిలో వ్యాయామోపాధ్యాయ వృత్తికి ఒక శాస్త్రీయ స్వరూపం ఏర్పడింది. డ్రిల్లుతో పాటు జట్టు ఆటలు కూడా పాఠ్యక్రమంలో చోటు సంపాదించుకున్నాయి.

ఈ రెండు దారుల మధ్య వ్యత్యాసం స్పష్టం. మొదటి దారిలో విద్యార్థి ఆజ్ఞాపించడం నేర్చుకున్నాడు. రెండో దారిలో ఆజ్ఞ పాటించడం నేర్చుకున్నాడు. నిర్ణయం తీసుకోవడం మాత్రం ఏ దారిలోనూ ప్రధాన పాఠం కాలేదు.

4. హోదాగా నాయకత్వం: 1932, 1936

మొదటి దారి ఎటు తీసుకువెళ్లిందో భారత క్రికెట్ చరిత్రలోని రెండు ఇంగ్లండు పర్యటనలు చూపుతాయి. 1932లో భారతదేశం తొలి అధికారిక టెస్టు ఆడింది. పర్యటనకు నాయకుడిగా పోర్‌బందరు మహారాజు, ఉపనాయకుడిగా లింబ్డీ రాజవంశీయుడు ఎంపికయ్యారు. ఆ ఇద్దరూ టెస్టు జట్టు నుంచి తప్పుకోవడంతో జూన్ 25న లార్డ్స్‌లో జట్టును నడిపే బాధ్యత సి.కె.నాయుడుకు దక్కింది. ఆయన తెలుగు కుటుంబానికి చెందినవారు. 1895లో నాగపూరులో జన్మించారు. 1926లో బొంబాయి జింఖానా మైదానంలో ఎం.సి.సి. జట్టుపై పదకొండు సిక్సర్లతో 153 పరుగులు చేసి దేశవ్యాప్త ఖ్యాతి పొందారు. లార్డ్స్‌లో క్షేత్రరక్షణ చేస్తూ చేతికి దెబ్బ తగిలించుకున్నా, తొలి ఇన్నింగ్స్‌లో భారత్ తరఫున అత్యధికంగా 40 పరుగులు చేశారు. టెస్టులో ఓటమి ఎదురైంది. అయినా ఆటలో సంపాదించుకున్న అర్హతే నాయకత్వానికి ప్రాతిపదిక కాగలదని ఆ మ్యాచ్ తెలియజెప్పింది. ఆ అవకాశం రాజవంశీయులు తప్పుకొన్నాక మాత్రమే దక్కిందన్నదీ మరువరాదు.

నాలుగేళ్లకే పరిస్థితి మొదటికి వచ్చింది. 1936 పర్యటనకు విజ్జీగా ప్రసిద్ధుడైన విజయనగరం మహారాజకుమార్ విజయ ఆనంద గజపతిరాజు నాయకుడయ్యారు. ఆయన మేయో కళాశాలలో, ఆపై ఇంగ్లండులోని హెయిలీబరీ పాఠశాలలో చదివారు. అంటే ఆటస్థలం నాయకులను తీర్చిదిద్దుతుందన్న సిద్ధాంతం అమలైన రెండు ప్రసిద్ధ సంస్థల విద్యార్థి ఆయన. మూడు టెస్టుల్లో ఆరు ఇన్నింగ్స్ ఆడి మొత్తం 33 పరుగులు చేశారు. సి.కె.నాయుడు ఆ జట్టులో సభ్యుడిగా ఆయన నాయకత్వంలో ఆడవలసి వచ్చింది. జట్టులో మేటి ఆటగాళ్లలో ఒకరైన లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో తొలి టెస్టుకు ముందే స్వదేశానికి పంపివేశారు. భారత్ రెండు టెస్టుల్లో ఓడి, ఒకటి డ్రా చేసుకుంది.

విజ్జీ క్రికెట్‌కు చేసిన సేవను తక్కువ చేయనవసరం లేదు. 1930-31లో జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ వంటి మహా ఆటగాళ్లను భారతదేశానికి రప్పించి తన జట్టులో ఆడించినవారు ఆయనే. పోషకుడిగా ఆయన స్థానం వేరు, నాయకుడిగా వేరు. ఇక్కడ పరిశీలించవలసింది వ్యక్తి దోషాన్ని కాదు, సిద్ధాంతం దోషాన్ని. ఉత్తమ మైదానాలు, ఉత్తమ శిక్షకులు, సంవత్సరాల తరబడి ఆట - అన్నీ ఉన్నా, నాయకత్వం పుట్టుకతో హామీ అయిన చోట ఆట ఎవరినీ పరీక్షించదు. పరీక్ష లేని చోట ఎదుగుదల ఉండదు.

5. అభ్యాసంగా నాయకత్వం: సయ్యద్ అబ్దుల్ రహీం

5.1 బడిపంతులు

2024లో విడుదలైన హిందీ చిత్రం 'మైదాన్' ద్వారా సయ్యద్ అబ్దుల్ రహీం పేరు కొత్తతరానికి తెలిసింది. ఆ తెలియడం ప్రధానంగా భారత ఫుట్‌బాల్ జట్టు శిక్షకుడిగానే. కానీ 1909లో హైదరాబాదులో జన్మించిన రహీం వృత్తిరీత్యా పాఠశాల ఉపాధ్యాయుడు. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుడైన ఆయన కాచిగూడ మాధ్యమిక పాఠశాల, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూమ్ ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలల్లో పనిచేశారు. వ్యాయామవిద్యలో డిప్లొమా కూడా పొంది, చివరి రెండు పాఠశాలల్లో క్రీడాబాధ్యతలు నిర్వహించారు. 1940ల తొలిభాగం నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా ఉన్నారు. 1950లో సిటీ పోలీస్ జట్టు శిక్షకుడయ్యారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది.

ఆయనను బడిపంతులుగా చూడకపోతే ఆయన శిక్షణపద్ధతి అర్థం కాదు. వృత్తి శిక్షకుడు సిద్ధంగా ఉన్న ఆటగాళ్లలో నుంచి మేలైనవారిని ఎంచుకుంటాడు. ఉపాధ్యాయుడికి ఆ వెసులుబాటు లేదు. తరగతిలో ఉన్న పిల్లలందరికీ పాఠం చెప్పాలి. రహీం మైదానానికి తెచ్చింది ఈ తరగతిగది దృష్టినే.

5.2 నియమమే పాఠం

హైదరాబాదులో రహీం ప్రవేశపెట్టిన పోటీల్లో రెండు ప్రత్యేకమైనవి. మొదటిది డ్రిబ్లింగ్ నిషిద్ధమైన పోటీ. బంతి అందుకున్న ఆటగాడు దానిని కాలితో నడిపిస్తూ ప్రత్యర్థులను తప్పించుకుపోరాదు. వెంటనే సహచరుడికి అందించాలి. రెండోది బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీ. వీటిని సాధారణంగా సాంకేతిక నైపుణ్యాన్ని పెంచే కసరత్తులుగా మాత్రమే పేర్కొంటారు. విద్యాదృష్టితో చూస్తే వాటి ప్రయోజనం ఇంకా లోతైనది.

డ్రిబ్లింగ్ లేని ఆటలో బంతి ఎవరి దగ్గరా ఎక్కువసేపు ఉండదు. దానిని ఎవరికి పంపాలో అది కాలికి చేరకముందే నిర్ణయించుకోవాలి. బంతి లేని ఆటగాడు కూడా ఖాళీ జాగా చూసుకొని కదలకపోతే సహచరుడికి దారి దొరకదు. అంటే మైదానంలోని పదకొండుమందీ ప్రతిక్షణం నిర్ణయాలు తీసుకుంటూ ఉండాలి. నైపుణ్యం ఉన్నవాడు ఆటను తన చుట్టూ తిప్పుకోలేడు. వెనకబడినవాడు ఆట నుంచి తప్పించుకోలేడు. బలహీనమైన కాలితో ఆడే పోటీలో మరొక మార్పు జరుగుతుంది. జట్టులో అందరికంటే మేటి కూడా ఒక్కసారిగా నేర్చుకునే స్థితికి వస్తాడు. తన లోపాన్ని అందరి ముందూ ఒప్పుకొని, దానిపై పనిచేయవలసి వస్తుంది. మొదటి నియమం బాధ్యతను పంచితే, రెండోది అహాన్ని తగ్గిస్తుంది. నాయకత్వం అన్న మాట ఎత్తకుండానే దానికి కావలసిన రెండు గుణాలను ఆట నియమంలోనే ఇమిడ్చిన పద్ధతి ఇది.

డ్రిల్లుకూ దీనికీ ఉన్న తేడా ఇక్కడే. డ్రిల్లులో ఉపాధ్యాయుడు ఆజ్ఞ ఇస్తాడు. రహీం పద్ధతిలో ఉపాధ్యాయుడు నియమాన్ని మాత్రమే ఇస్తాడు. ఆ నియమంలో ఏం చేయాలో విద్యార్థి తానే తేల్చుకుంటాడు.

5.3 ఓటమి నుంచి నేర్చుకోవడం

రహీం శిక్షణలో భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌పై 1-0తో గెలిచి స్వర్ణం సాధించింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తుగా ఓడింది. చల్లని వాతావరణంలో పలువురు ఆటగాళ్లు బూట్లు లేకుండా ఆడారు. ఆ ఓటమి తరువాత భారత ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లు తిరిగేసరికి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి భారత్ సెమీఫైనల్ చేరింది. చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం వంటి హైదరాబాద్, సికింద్రాబాద్ క్రీడాకారులున్నారు. సికింద్రాబాద్ పరిసరాల్లోని అమ్ముగూడలో సామాన్య కుటుంబంలో పుట్టిన బలరాం, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ, పెరూ జట్లపై గోల్స్ చేసే స్థాయికి ఎదిగారు.

1962 జకార్తా ఆసియా క్రీడలు ఈ పద్ధతికి గట్టి పరీక్ష. తొలి మ్యాచ్‌లో భారత్ దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. థాయ్‌లాండ్‌తో ఆటలో రక్షణశ్రేణికి మూలస్తంభమైన జర్నయిల్ సింగ్ తలకు గాయమైంది. ఇజ్రాయెల్, తైవాన్‌ల విషయమై తలెత్తిన వివాదం వల్ల ప్రేక్షకులు భారత జట్టు పట్ల ఆగ్రహంతో ఉన్నారు. అటువంటి స్థితిలో రహీం జర్నయిల్ సింగ్‌ను రక్షణస్థానం నుంచి తప్పించి ముందువరసలో ఆడించారు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో పి.కె.బెనర్జీ, జర్నయిల్ సింగ్ చెరొక గోల్ చేయగా, భారత్ అదే దక్షిణ కొరియాపై 2-1తో గెలిచింది. ఒక ఆటగాడు తన అలవాటైన స్థానాన్ని వదిలి కొత్త బాధ్యతను స్వీకరించడం, మిగిలినవారు ఆ మార్పుకు తగ్గట్టు తమ ఆటను సవరించుకోవడం - ఇవి ఒక్కరోజులో వచ్చే గుణాలు కావు. క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం 1963 జూన్ 11న మరణించారు.

5.4 వారసత్వం

ఒక పద్ధతి నాయకత్వాన్ని పెంచిందా లేదా అన్నది తేల్చడానికి పతకాలు సరిపోవు. ఆ పద్ధతిలో ఎదిగినవారు తరువాత ఏం చేశారన్నది సరైన కొలమానం. రహీం శిక్షణలో ఆడిన పి.కె.బెనర్జీ దేశంలోని ప్రముఖ శిక్షకుల్లో ఒకరయ్యారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం సాధించిన భారత జట్టు శిక్షకుల్లో ఆయన ఒకరు. ఆ జట్టు నాయకుడు హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ నయీముద్దీన్. నయీముద్దీన్ కూడా తరువాత భారత జట్టుకు శిక్షకుడై ద్రోణాచార్య పురస్కారం పొందారు. రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 ఒలింపిక్ జట్టు సభ్యుడు, అంతర్జాతీయ రెఫరీ, శిక్షకుడు. నేర్చుకున్నవారు నేర్పేవారుగా మారడం, నాయకత్వం ఒక వ్యక్తి దగ్గర ఆగిపోకుండా చేతులు మారడం ఈ సంప్రదాయంలో కనిపిస్తుంది. హోదాగా వచ్చిన నాయకత్వానికి ఇటువంటి కొనసాగింపు లేదు.

6. గీత వెలుపల నిలిచినవారు

పైన పరిశీలించిన ఘట్టాలన్నీ పురుషులవే. మేయో కళాశాల, డ్రిల్లు, హైదరాబాద్ ఫుట్‌బాల్ - ఏ దారిలోనూ బాలికలు కనిపించరు. రహీం పద్ధతి బాధ్యతను పంచింది నిజమే, కానీ మైదానంలోకి రాగలిగినవారి మధ్యనే పంచింది. ఎవరు ఆడగలరన్న ప్రశ్న, ఎలా ఆడాలన్న ప్రశ్నకంటే ముందుది.

ఈ లోటును గుర్తించడానికి ఇటీవలి ఉదాహరణ ఒకటి ఉపకరిస్తుంది. 2014 మే 25న, తెలంగాణ రాష్ట్రం ఏర్పడడానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు, నిజామాబాద్ జిల్లాకు చెందిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో ఎవరెస్టును అధిరోహించింది. ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఆమె వెంట ఉన్నాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులే. భువనగిరి కొండపై మొదలైన వారి శిక్షణ డార్జిలింగ్, లడఖ్‌లలో కొనసాగింది. పర్వతారోహణ ఫుట్‌బాల్ వంటి జట్టు ఆట కాకపోయినా, ఒకరి అడుగుపై మరొకరి ప్రాణం ఆధారపడే విద్య. ఈ ఘట్టంలో శిఖరంతో పాటు గమనించవలసింది దాని వెనక ఉన్న వ్యవస్థను. వసతి, ఆహారం, శిక్షణ, పరికరాలు ప్రభుత్వ విద్యాసంస్థ ద్వారా అందినప్పుడే వ్యవసాయకూలీల ఇంటి బాలికకు ఆ దారి తెరుచుకుంది. విజ్జీకి పుట్టుక ఇచ్చిన అవకాశాన్ని పూర్ణకు బడి ఇచ్చింది. తేడా ఏమంటే, ఆమె ప్రతి దశలోనూ పరీక్షకు నిలబడవలసి వచ్చింది.

7. నేటి సందర్భం

2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు పాఠశాలకు ఉండవలసిన సౌకర్యాలలో ఆటస్థలాన్ని చేర్చింది. నూరుమందికి మించి పిల్లలున్న ప్రాథమికోన్నత స్థాయిలో వ్యాయామవిద్యకు పాక్షికకాల బోధకులుండాలని కూడా పేర్కొంది. 2020 జాతీయ విద్యావిధానం క్రీడలను బోధనలో సమ్మిళితం చేయాలని సూచించింది. విధానపత్రాలలో ఆటకు చోటు దొరికింది. ఆ ఆటను ఎలా నడపాలన్నది మాత్రం ఉపాధ్యాయుడి చేతుల్లోనే ఉంది.

మండల, జిల్లా పోటీలకు పదకొండుమందిని ఎంపిక చేసి, మిగిలిన విద్యార్థులను చప్పట్లకు పరిమితం చేసే పాఠశాల, తెలియకుండానే పాత హోదాసిద్ధాంతాన్నే అనుసరిస్తున్నది. ఏడాది పొడవునా ఒకే కెప్టెన్‌ను కొనసాగించే జట్టులో నాయకత్వం నేర్చుకునేది ఒక్కడే. తక్కినవారు అనుసరించడం నేర్చుకుంటారు. నాయకబాధ్యతను వంతులవారీగా మార్చడం, అందరూ బంతి తాకితే గాని గోల్ చెల్లదన్న నియమంతో ఆడించడం, ఆట ముగిశాక ఓటమికి కారణాలను విద్యార్థులే చర్చించేలా చూడడం - వీటికి అదనపు నిధులు అవసరం లేదు. అవసరమైనది వ్యాయామోపాధ్యాయుణ్ణి ఇతర ఉపాధ్యాయులతో సమానుడిగా గుర్తించడం, ఆయన పీరియడును ఇతరులు తీసుకోకపోవడం.

పరిశోధన పరంగానూ ఇక్కడ విస్తృతమైన అవకాశముంది. తెలుగులో క్రీడాచరిత్ర రచన ప్రధానంగా విజేతల జీవితచరిత్రలకే పరిమితమవుతోంది. పాఠశాల క్రీడాపట్టికలు, కళాశాల వార్షికసంచికలు, వ్యాయామోపాధ్యాయుల జ్ఞాపకాలు, తెలుగు కథానవలల్లో కనిపించే డ్రిల్లు మాస్టారి పాత్రచిత్రణ - ఇవన్నీ విద్యాచరిత్రకు, సాహిత్య అధ్యయనానికి ఉమ్మడి ఆకరాలు కాగలవు.

8. ముగింపు

ఈ పరిశీలన ద్వారా మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, ఆటలు నాయకులను తయారుచేస్తాయన్న సూత్రం మొదట పాలకవర్గాల స్థానాన్ని సమర్థించడానికి ఉపకరించింది. దానిని యథాతథంగా స్వీకరించడం సరికాదు. రెండు, 1936 నాటి అనుభవం చూపినట్లు, నాయకత్వం ముందే హామీ అయిన చోట మైదానం ఏమీ నేర్పలేదు. మూడు, రహీం సంప్రదాయం చూపినట్లు, నిర్ణయాన్ని అందరి చేతుల్లోనూ పెట్టి, మేటి ఆటగాణ్ణి కూడా అభ్యాసకుడిగా మార్చిన చోట ఆట వ్యక్తిత్వాన్ని పెంచింది, తరువాతి తరానికి మార్గదర్శకులను అందించింది. కాబట్టి క్రీడలు నాయకత్వాన్ని పెంచుతాయా అన్న ప్రశ్నకంటే, ఏ క్రీడను ఎవరితో, ఏ నియమాలతో ఆడిస్తున్నారన్న ప్రశ్న విద్యారంగానికి ఎక్కువ ప్రయోజనకరమైనది. దానికి సమాధానం ప్రతి బడిలోనూ, ఆటల పీరియడు గంట మోగినప్పుడు మైదానంలోకి ఎందరు వస్తారు, వచ్చినవారిలో ఎందరి కాళ్లకు బంతి అందుతుంది అన్నదానిపైనే ఆధారపడి ఉంటుంది.